నాగన్న, నగన్న, అరవై కిలోలు

శ్రోతలకు నమస్కారం. కర్నూలు జిల్లా ఉల్లిగడ్డల వేలం ఎలా సాగుతుందో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. కొన్నేళ్ల క్రితం ఒక మార్కెట్ యార్డులో కంప్యూటర్ చీటీలు మొదలైన కొత్తలో, కాటా పక్కన రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాములో తప్పులు పట్టే పని నాకు పడింది.

మొదటి రోజు ఆరు దొరికాయి. దీర్ఘం ఎగిరిపోయి నాగన్న కాస్తా నగన్న అవుతున్నాడు, తేదీ పక్క గడిలోకి జారుతోంది, అన్నీ ఆ బాపతే. రెండో రోజు దొరికింది ఒక్కటే. అదీ నేను పట్టింది కాదు. ఒక రైతు చీటీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "నా అరవై కిలోలు ఏవి సార్?" అన్నాడు. పన్నెండు క్వింటాళ్ల అరవై కిలోలు తూగితే ప్రోగ్రాము పన్నెండు క్వింటాళ్లకే లెక్క కడుతోంది. క్వింటాలు 1,500 రూపాయలు అనుకున్నా 900 పోయినట్టే. నా నివేదికలో మాత్రం ఆరు తప్పులు ఒకటికి దిగాయి కాబట్టి ప్రోగ్రాము బాగుపడింది!

సాఫ్ట్‌వేర్ పరిశోధనలోనూ జరుగుతున్నది ఇదేనని బారీ బోయెమ్ అన్నారు. సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చును ముందే అంచనా కట్టే 'కొకోమో' పద్ధతిని 1981లో వివరించిన అమెరికన్ శాస్త్రవేత్త ఆయన. ప్రతి తప్పునూ, ప్రతి పరీక్షనూ సమానంగా చూడడం సరికాదని, దేని విలువ ఎంతో చూసి కొలవాలని 2003 నుంచి గట్టిగా వాదించారు. లండన్‌లో అంబులెన్సులను పంపే కంప్యూటర్ వ్యవస్థ సంగతే చూడండి. వాహనాన్ని పంపిన ప్రతిసారీ సర్వర్‌లో కొంత మెమరీని ఖాళీ చేయకుండా వదిలేసే చిన్న లోపం పేరుకుని పేరుకుని, 1992 నవంబరు 4న వ్యవస్థనే ఆపేసింది. లెక్కలో అదీ ఒక్క తప్పే.

సరే, విలువ అన్నాం. ఎవరికి విలువ? యార్డు అధికారికి తేదీ ముఖ్యం, ఆడిట్ ఉంటుంది. కమీషన్ ఏజెంటుకు చీటీ త్వరగా రావాలి. రైతుకు కిలోలు. ఎవరు ఎదురుతిరిగితే పని కూలుతుందో వాళ్లందరినీ ముందే గుర్తించి, అందరికీ ఎంతో కొంత మేలు జరిగేలా చూడాలన్నది బోయెమ్ సిద్ధాంతం. ఒకరిని ముంచి మిగతావాళ్లు బాగుపడే ఏర్పాటు నిలవదంటారాయన. చెప్పడం తేలికే. ఏజెంటునూ రైతునూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి చూడండి, తెలుస్తుంది.

విక్టర్ బాసిలీ అనే మరో పరిశోధకుడి వరుస ఇంకోటి ఉంది: ముందు లక్ష్యం, దాని నుంచి ప్రశ్న, ఆ తర్వాతే కొలత. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను. లెక్కపెట్టడం అయ్యాక, ఎందుకు లెక్కపెట్టానా అని ఆలోచించాను.

ఆ రాత్రి నోటుపుస్తకంలో 'ఎవరికి నష్టం' అని ఒక గడి గీసి నింపుతూ పోయాను. నాగన్న దీర్ఘం దగ్గర 'ఎవరికీ లేదు' అని రాశాను. మర్నాడు అది చూసి గుమాస్తా నవ్వాడు. చీటీలో పేరు పాసుపుస్తకంతో కలవక, బ్యాంకులో నాగన్న డబ్బు నాలుగు రోజులుగా ఆగిపోయి ఉందట.