చిరునామా తప్పిన ఎంజైమ్

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది కణాల్లో ఒక కొవ్వు పేరుకుపోయే ఓ వంశపారంపర్య జబ్బు గురించి. ముందు పేరు సంగతి తేల్చేద్దాం. మనం గౌచర్ వ్యాధి అని రాస్తాం, ఫ్రెంచివాళ్లు గోషే అని పలుకుతారు. నోరు ఎలా తిరిగితే అలా అనండి, రోగం మారదు.

1882లో ఫిలిప్ గోషే అనే వైద్య విద్యార్థి, ప్లీహం (పొట్టలో ఎడమవైపు పైన ఉండే స్ప్లీన్) బాగా ఉబ్బిన 32 ఏళ్ల స్త్రీ గురించి రాశాడు. దాన్ని ప్లీహంలో పుట్టిన కంతి అనుకున్నాడు. అది పొరపాటే. కానీ ఆయన చూసిన కణాలను ఇప్పుడు కూడా ఎముక మజ్జ స్లైడు మీద చూడవచ్చు. కణం ఉబ్బి ఉంటుంది, కేంద్రకం ఓ మూలకు ఒరిగిపోయి ఉంటుంది, మిగతాదంతా నలిపి పారేసిన పల్చటి కాగితంలా ముడతలు ముడతలుగా కనిపిస్తుంది. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఆ ముడతల్లో పేరుకున్నది గ్లూకోసెరెబ్రోసైడ్ అనే కొవ్వు.

ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలివైన వాటిని ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉండే మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు మింగేస్తాయి. మింగినదాన్ని అరిగించే సంచి లైసోజోమ్. 1955లో క్రిస్టియాన్ డి డ్యూవ్ దానికి ఆ పేరు పెట్టాడు. రక్తకణం పొరలోని కొవ్వులు విడివడుతూ వచ్చి చివరికి ఈ గ్లూకోసెరెబ్రోసైడ్ దగ్గర ఆగుతాయి. దాన్నుంచి గ్లూకోజును కోసి వేరు చేసే కత్తెర గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైమ్. ఆ కత్తెర లోపించడమే కారణమని 1965లో అమెరికా శాస్త్రవేత్త రోస్కో బ్రాడీ బృందం చూపించింది. దాన్ని తయారుచేయించే జన్యువు జీబీఏ1, ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. పక్కనే పని చేయని నకలు జన్యువు ఒకటుంది. రెండూ ఎంత దగ్గరగా పోలి ఉంటాయంటే, జన్యుపరీక్ష చేసేవాళ్లు ఒకదాన్ని చదవబోయి రెండోదాన్ని చదివే ప్రమాదం ఉంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. "జన్యువు చెడింది కాబట్టి ఎంజైమ్ తయారు కాలేదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. నాకు ఆ మాట నచ్చదు. చాలామంది రోగుల్లో ఎంజైమ్ తయారవుతూనే ఉంటుంది. దాని గొలుసులోని ఒక్క పూస, అంటే ఒక్క అమైనో ఆమ్లం, మారడంతో సరిగ్గా మడత పడదు. కణంలోని తనిఖీ వ్యవస్థ దాన్ని మధ్యలోనే పట్టుకుని నాశనం చేస్తుంది. కొంత పని చేయగలిగిన సరుకు కూడా లైసోజోమ్ గడప తొక్కకుండానే పోతుంది.

మందు విషయంలోనూ చిక్కు ఇక్కడే వచ్చింది. కాన్పులో బిడ్డ వెనక బయటికొచ్చే మావి నుంచి ఎంజైమ్ తీసి నరంలోకి ఎక్కిస్తే, అందులో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌లకు అందలేదు. ఈ ఎంజైమ్‌కు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. వాటి కొసల్లోని చక్కెరలను వరసగా కత్తిరిస్తూ పోతే లోపలున్న మానోజ్ అనే చక్కెర బయటపడుతుంది. మాక్రోఫేజ్ ఉపరితలం మీద మానోజ్‌ను గుర్తుపట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు ఉన్నాయి. నా లెక్కలో ఈ కథలో అన్నిటికన్నా తెలివైన పని ఈ కత్తిరింపే. 1991లో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. 1994లో మావితో పని లేకుండా, పెంచిన కణాల్లో తయారైన రకం వచ్చింది. రెండు వారాలకోసారి ఎక్కిస్తే ప్లీహం తగ్గుతుంది, రక్తం పుంజుకుంటుంది. ఎముకలు మాత్రం నిదానం.

మరి మెదడు? రక్తంలో తిరిగే ఎంజైమ్ మెదడు గడప దాటదు. అందుకే ఈ జబ్బు రకాల్లో, పసిపిల్లల్లో నాడులను దెబ్బతీసే రెండో రకానికి ఈ చికిత్సతో నాడుల నష్టం ఆగదు. ఇంకో సంగతి ఎవరూ ఊహించలేదు. ఒకే ప్రతి చెడినవాళ్లను మనం వాహకులంటాం, ఆరోగ్యవంతులనే లెక్కవేశాం. వాళ్లలో పార్కిన్సన్స్ అనే, వణుకు తెచ్చి కదలికలను మందగింపజేసే మెదడు జబ్బు వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువని, పలు దేశాల రోగులను కలిపి చూసిన 2009 నాటి అధ్యయనం గట్టిగా చూపింది. వాహకుల్లో ఎక్కువమందికి అది రాదు, భయపడక్కర్లేదు. కానీ వచ్చేవాళ్లకు ఎందుకు వస్తోందన్న ప్రశ్న, ప్లీహం రోగమనుకున్న దాన్ని ఇప్పుడు నాడీ నిపుణుల బల్ల మీదికి తెచ్చింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.