తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెడదాం

అందరికీ నమస్కారం. విజయవాడలో చిన్నచిన్న సంఘాలు నడిపేవాళ్ళమంతా ఇలా ఒకచోట కూర్చోవడం అరుదు. సాహిత్యం వాళ్ళున్నారు, యోగా వాళ్ళున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. ఎవరి పని వారిదే గానీ తలనొప్పి మాత్రం అందరిదీ ఒకటే. వచ్చే నెల మీటింగ్ ఎక్కడ పెట్టాలి?

హాలు వెతకడమంటే మనం ముందు అద్దె అడుగుతాం. ఆ తర్వాత ఏసీ ఉందా అంటాం. నేనైతే మొదట అడగాల్సింది ఇంకొకటి ఉందంటాను. సభ అయ్యాక, రాత్రి ఎనిమిదిన్నరకి, మన సభ్యులు ఇంటికెలా వెళ్తారు?

మన ఊరి సంగతి మీకు చెప్పక్కర్లేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యలోంచే పారుతున్నాయి. వాటికి తోడు రైలు పట్టాలు. దూరం కిలోమీటరే అనుకుని బయల్దేరితే వంతెన దగ్గర అరగంట నిలబడాలి. అందుకే గాంధీనగర్, గవర్నర్‌పేటల్లోని పాత హాళ్ళంటే నాకు గౌరవం. హనుమంతరాయ గ్రంథాలయం, ప్రెస్ క్లబ్, మాకినేని బసవపున్నయ్య విజ్ఞాన కేంద్రం... వీటిలో ఎక్కడ పెట్టినా గుడివాడ నుంచో తెనాలి నుంచో వచ్చినాయన సభ చూసుకుని రైలు అందుకోగలడు. బెంజి సర్కిల్ అవతల కట్టిన కన్వెన్షన్ హాళ్ళు బాగానే ఉంటాయి, పార్కింగూ ఉంటుంది. కానీ బండి లేని ఆడవాళ్ళు, కళ్ళు సరిగా ఆనని పెద్దవాళ్ళు ఒకసారి వస్తారు, రెండోసారి ఏదో సాకు చెప్తారు. సభ్యులు తగ్గిపోతున్నారని బాధపడేవాళ్ళు ముందు తమ హాలు అడ్రస్ చూసుకోవాలి.

ఇక హాలు సైజు. పిలిచింది రెండొందల మందినైతే ఎనభై మంది వస్తారు. ఇది మీకూ తెలుసు, కార్డు కొట్టించేటప్పుడు మాత్రం మర్చిపోతాం. నగరపాలక సంస్థ వారి తుమ్మలపల్లి కళాక్షేత్రం నాటకానికి, పెద్ద సన్మానానికి తగిన చోటు. పుస్తకావిష్కరణకు నలభై మంది వచ్చి అక్కడ కూర్చుంటే పెళ్ళిలో భోజనాలైపోయాక మిగిలిన పందిరిలా ఉంటుంది. హాలు కాస్త ఇరుకైనా పర్లేదు, నలుగురు వెనక నిలబడితే సభకి కళే వస్తుంది.

తేదీ ఖరారు చేసేముందు పంచాంగం చూడండి. మన కోసం కాదు, పెళ్ళిళ్ళ కోసం! శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ఫంక్షన్ హాలు వాళ్ళు మనతో మాట్లాడే తీరికలో కూడా ఉండరు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో అదే మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెడతాడు. బేరం అప్పుడే ఆడాలి. దసరా తొమ్మిది రోజులూ, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, దుర్గమ్మ కొండ చుట్టుపక్కలా బస్టాండు వైపూ ఏ సభా పెట్టుకోవద్దు. ట్రాఫిక్ ఎటు మళ్ళిస్తారో మనకి తెలియదు. భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ అంతే.

హాలు చూడ్డానికి పొద్దున పదింటికి వెళ్ళడం దండగ. మీ సభ ఏ టైముకో ఆ టైముకే వెళ్ళండి. సాయంత్రం ఆరున్నరకి పక్క వీధి గుళ్ళో మైకు మొదలవుతుందా, దోమలొస్తున్నాయా, అప్పుడే తెలుస్తుంది. ఫ్యాన్లన్నీ వేయించి వేదిక మీద నుంచి మామూలు గొంతుతో నాలుగు మాటలు మాట్లాడండి, తోడొచ్చినవాళ్ళని చివరి వరుసలో కూర్చోబెట్టండి. గోడలకీ నేలకీ టైల్సే ఉంటే మాట మారుమోగుతుంది. అక్కడ మైకు పెంచేకొద్దీ ఏమీ అర్థం కాదు. లిఫ్టు లేని రెండో అంతస్తు వద్దు. బాత్రూములు ఉన్నాయంటే సరిపోదు, తాళం ఎవరి దగ్గరుందో అడగండి. ఒకచోట ఆ తాళం వాచ్‌మన్ జేబులో ఉండిపోయింది, ఆయనేమో భోజనానికి వెళ్ళాడు. ముఖ్య అతిథి ప్రసంగం తగ్గించుకుని వెళ్ళిపోయారు. సభికులు సంతోషించారనుకోండి, అది వేరే సంగతి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. చెప్పిన అద్దెలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి. కరెంటు విడిగా వసూలు చేస్తామంటే సభకి ముందోసారి, తర్వాతోసారి మీటరు ఫొటో తీసుకోండి. జనరేటరు డీజిల్ ఎవరిదో, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో రసీదు మీదే రాయించండి. మేడ మీదో గ్రౌండులోనో పెడితే మైకుకి పర్మిషన్ తీసుకోవాలి. రాత్రి పది దాటితే ఆపేయాల్సిందే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆ మాటే చెప్తున్నాయి. తలుపులు మూసిన ఆడిటోరియాలకు కొంత వెసులుబాటుంది.

అసలు మన ఊళ్ళో సభలకి చోటు వెతుక్కోవాల్సిన గతి ఎందుకొచ్చిందా అనిపిస్తుంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళంతా సమావేశమైంది బెజవాడలోనే. పుస్తకాలున్న చోటే నలుగురూ కూడాలన్నది ఆ గ్రంథాలయోద్యమం పద్ధతి. ఇవాళ సాయంత్రం ఐదు దాటితే ఎన్ని స్కూళ్ళలో హాళ్ళు, బెంచీలు, ఫ్యాన్లు ఖాళీగా పడి ఉంటున్నాయో చూడండి. ఊడ్చి, తాళం వేసి, కరెంటు బిల్లు కట్టి అప్పజెప్తామని రాతపూర్వకంగా అడిగితే కొందరైనా ఒప్పుకుంటారు. విడివిడిగా వెళ్తే ఎవరూ పట్టించుకోరు. పది సంఘాల లెటర్‌హెడ్లతో కలిసి వెళ్దాం.

ఆ ఉత్తరం ముసాయిదా తెచ్చాను, టీ బల్ల మీద ఉంది. పక్కనే ఒక నోటుబుక్కు పెట్టాం. మీరు వాడిన హాలు పేరు, నిజంగా పట్టే కుర్చీలెన్ని, దగ్గర్లో బస్సు ఎక్కడ ఆగుతుంది, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఈ నాలుగూ రాసి వెళ్ళండి. అద్దె కూడా రాయండి, రసీదులో ఉన్నది కాదు, మీరు కట్టింది.