కృష్ణా పరీవాహకంలో రేపటి వానలు: సగటు లెక్క చాలదు

సభకు నమస్కారం.

2023లో నీరు చాలక సాగర్ ఆయకట్టులో చాలామంది రైతులు వరి వేయలేకపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరు మొదటి రోజుల్లో ఇదే కృష్ణ ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదను మోసుకొచ్చింది. బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీటిలో నానింది. భూమి వేడెక్కితే మన వానలు పెరుగుతాయా, తగ్గుతాయా అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్న సరిపోదని నా అభిప్రాయం. ఏడాదికి ఎంత పడుతుందన్న దానికన్నా ఎన్ని రోజుల్లో, ఎక్కడ పడుతుందన్నదే ఈ నదికి ముఖ్యం.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ప్రపంచ సగటు వాన మాత్రం డిగ్రీకి 1 నుంచి 3 శాతమే పెరుగుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వెలువడే వేడిని వాతావరణం అంతరిక్షంలోకి వదిలించుకోగలిగే వేగానికి ఒక హద్దు ఉండడమే అందుకు కారణం. అసలు చిక్కు ఈ తేడాలోనే ఉంది. కుండపోత వానలు ఆవిరితో పాటు పెరుగుతాయి, మొత్తం వాన అంతగా పెరగదు, కనుక వానకూ వానకూ మధ్య ఎడం పెరిగే అవకాశం ఎక్కువ.

దక్షిణాసియా రుతుపవన వర్షం ఈ శతాబ్దం చివరికి పెరుగుతుందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది. గత శతాబ్దపు రెండో సగంలో అది తగ్గడానికి ముఖ్య కారణం గాలిలోని కాలుష్య కణాలని కూడా అందులోనే ఉంది. అంటే మన గాలి ఎంత త్వరగా శుభ్రపడుతుందన్నది కూడా రేపటి వాన లెక్కలో చేరుతుంది. దీన్ని మన చర్చల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇక నమూనాల సంగతి, అంటే భూమిని గడులుగా విడగొట్టి రేపటి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల సంగతి. ప్రపంచ వాతావరణ నమూనాల్లో చాలావాటికి ఒక్కో గడి సుమారు 100 కిలోమీటర్లు. కృష్ణకు నీరిచ్చే పడమటి కనుమలు అందులో చదునైపోతాయి. మహాబలేశ్వరంలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు మించి పడే వాన కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుకు వచ్చేసరికి వెయ్యి లోపుకు పడిపోతుందన్న సంగతి ఆ గడికి తెలియదు. బుడమేరు అయితే అసలు కనిపించదు. పైగా ఉష్ణమండలంలో వాన కురిపించే మేఘాలు గడి కన్నా చిన్నవి కాబట్టి వాటిని ఉజ్జాయింపు సూత్రాలతోనే లెక్కిస్తారు. ఆ సూత్రాలు నమూనా నమూనాకూ మారతాయి. ఒక నమూనా పెరుగుదల చూపి మరొకటి తగ్గుదల చూపితే రెండింటి సగటు సున్నాకు దగ్గరగా వస్తుంది, దాన్ని చూసి మార్పేమీ లేదనుకునే ప్రమాదం ఉంది.

అందుకే సగటును పక్కనపెట్టి, అతి తడి నమూనానూ అతి పొడి నమూనానూ విడివిడిగా జలాశయాల లెక్కల్లోకి తీసుకోవాలని కోరుతున్నాను. నగరం విషయంలో మరో పని చేయవచ్చు. 2024 నాటి వాయుగుండాన్నే తీసుకుని, బంగాళాఖాతం మరో రెండు డిగ్రీలు వేడెక్కి ఉంటే ఎంత వాన పడేదో కొద్ది కిలోమీటర్ల గడులున్న నమూనాలో మళ్లీ నడిపించి, ఆ వరదను బుడమేరు నీటిని అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటరు మీదికి లెక్కల్లోనైనా వదిలి చూడాలి.