తాటిచెట్టు మీద బురద గీత

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా పటం ఎదురుగా పెట్టుకుని, ఇచ్ఛాపురం దాకా కొత్త రహదారి వేయమంటే మీరు గీత ఎక్కడ గీస్తారు? చాలామంది పెన్సిలు తిన్నగా సముద్రం ఒడ్డుకే పోతుంది. కొండల్లేవు, మూలపేట పోర్టు పక్కనే ఉంటుంది. రోడ్ల సర్వేలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

తీరం వెంట పోతే నదుల్ని అవి సముద్రంలో కలిసేచోట దాటాలి. నాగావళిని కళ్లేపల్లి దగ్గర, వంశధారను కళింగపట్నం దగ్గర. అక్కడ ఇసుక మేటలు జరిగినప్పుడల్లా నీటి దారీ జరుగుతుంది. వంతెన పొడవు కావాలి, పునాది లోతు కావాలి. తీరంలో కట్టడాలను కట్టడి చేసే సీఆర్‌జెడ్ నిబంధనలు సరేసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్ని ఏంచేసిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. సాయం లారీలు రావలసిన రోడ్డును తుపాను ముందుగా తాకే చోట వేయడానికి నాకైతే మనసొప్పదు.

ఉన్న 16వ నంబరు జాతీయ రహదారినే వెడల్పు చేద్దామంటే ఇళ్లు, దుకాణాలు పోతాయి. పడమటికి జరిగి కొండల వైపు వెళదామంటే గొట్టా బ్యారేజీ నీళ్లు పారే పొలాలు, వాటి మధ్య లెక్కలేనన్ని గెడ్డలు, అంటే వాగులు.

ఇలాంటి మూడు గీతలకూ కార్యాలయంలో ఒక పట్టిక తయారవుతుంది. పొడవెంత, ఖర్చెంత, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇళ్లు, అడవి ఎంత పోతుంది. అరవై మీటర్ల వెడల్పున కిలోమీటరు రోడ్డు వేస్తే ఆరు హెక్టార్లు, అంటే దాదాపు పదిహేను ఎకరాలు. ఈ లెక్క ఎవరైనా వేస్తారు. రోడ్డుకు ఇవతల పొలం, అవతల బావి మిగిలిన రైతును ఏ గడిలో రాయాలో మాత్రం ఆ పట్టికలో ఉండదు. రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారినే చూడండి. పాత దారి 597 కిలోమీటర్లు, కొత్తది సుమారు 465. లారీ యజమానికి ఎంత లాభమో తెలుస్తూనే ఉంది. కానీ అలాంటి రోడ్డు మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీల్లేదు. అండర్‌పాస్ కిలోమీటరు అవతల ఉంటే, ఎదురుగా కనిపిస్తున్న సొంత చేనుకే రైతు ఎడ్లబండి తోలుకుని చుట్టూ తిరిగి వెళ్లాలి.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. ఒకసారి గజపతినగరం వైపు మే నెల ఎండలో సర్వే చేస్తున్నాం. దారికి అడ్డంగా ఒక గెడ్డ, పిల్లలు గెంతి దాటేంత వెడల్పు, అడుగున ఎండి పగిలిన మట్టి. గొట్టపు తూము చాలని పుస్తకంలో రాసుకున్నాను. పక్క పొలంలో ముసలాయన ఒకరు ఇదంతా చూస్తున్నాడు. ‘‘ఇలా రా బాబూ’’ అని గట్టు మీది తాటిచెట్టు దగ్గరికి తీసుకువెళ్లాడు. చెట్టు మొదట్లో, నా నడుముకు పైన, తెల్లగా ఆరిన బురద గీత ఉంది. ‘‘వానాకాలంలో నీళ్లు ఇక్కడికి వస్తాయి’’ అన్నాడు. గొట్టం కొట్టేసి, రెండు కళ్ల కల్వర్టు, అంటే నీళ్లకు రెండు దారులున్న చిన్న వంతెన, అని రాశాను. పై కార్యాలయంలో ఖర్చు తగ్గించేటప్పుడు అది మళ్లీ గొట్టమే అయింది. తర్వాత వచ్చిన పెద్దవానకు రోడ్డు చెక్కుచెదరలేదు. చెరువుగట్టులా నిలబడి, నీళ్లను ఎగువ వరిచేల మీదికి తోసింది.

జాతీయ రహదారికి భూసేకరణ ప్రకటన వెలువడ్డాక, 1956 నాటి చట్టం ప్రకారం అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు గడువు ఉంటుంది. అప్పటికి గీత ఖరారైపోయి, సర్వే నంబర్లు కూడా గెజిట్‌లో ఎక్కేసి ఉంటాయి. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చెరువు కట్టవ, పశువుల దారి, కల్లం, శ్మశానం దారి గురించి అడగదలచుకుంటే ఆ సభలోనే అడగాలి. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

అంతకన్నా ముందు మీ ఊరికి మూడుకాళ్ల యంత్రం భుజాన వేసుకుని కుర్రాళ్లు వస్తారు. గెడ్డలు ఎండిపోయిన వేసవిలోనే వస్తారు. కాసిని మంచినీళ్లిచ్చి, మీ ఊరి తాటిచెట్టు దగ్గరికి తీసుకువెళ్లండి.