పిడుగుల వేళ పది పేర్లు

అమ్మలారా, అన్నలారా, నమస్కారం. మిరుగు వస్తోంది. ఇంకో వారంలో మీలో చాలామంది పత్తి గింజలు పెడుతూ చేలల్లో ఉంటారు. అందుకే ఈ రోజు మన నల్గొండ పల్లెల్లో బడి మొహం చూడనివాళ్లకు కూడా నోటికొచ్చిన రక్షామంత్రం గురించి చెబుతాను.

"అర్జునః ఫల్గుణః పార్థః కిరీటీ శ్వేతవాహనః, బీభత్సుర్విజయః కృష్ణః సవ్యసాచీ ధనంజయః."

మా నాయనమ్మకు మొత్తం రాదు. ఉరిమిందంటే నన్ను కొంగులోకి లాక్కుని "అర్జునా, ఫల్గుణా" అనేది. ఆ గొంతు వింటే నా వణుకు తగ్గేది.

వజ్రాయుధం ఇంద్రుడిది, అర్జునుడు ఆయన కొడుకు. కొడుకు పేరు తలిచిన చోట తండ్రి పిడుగు వేయడని పెద్దల నమ్మకం. విరాటపర్వంలో కౌరవసేనను చూసి ఉత్తరకుమారుడు రథం దిగి పారిపోతాడు. అర్జునుడు పట్టుకొచ్చి జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించమంటాడు. నువ్వే అర్జునుడివైతే నీ పది పేర్లు చెప్పమంటాడు ఆ పిల్లవాడు. విన్నాక భయం పోయింది. ఆ తర్వాత పగ్గాలు పట్టాడు గానీ చెట్టు కిందే కూర్చోలేదు. నాకు ఈ కథలో ముఖ్యం అదే.

మా ఊళ్లో మేకలు కాసే ఒకాయన వాన మొదలవగానే వేపచెట్టు కిందికి పోయాడు. మేం పోయేసరికి బెరడు పైనుంచి కిందిదాకా చీలి ఉంది. ముట్టుకుంటే షాక్ కొడుతుందని ఎవరమూ ఆయన దగ్గరికి పోలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదమ్మా, ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే ఒకరు ఛాతీ మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఇక మెరుపు కనబడగానే శ్లోకం మొదలుపెట్టండి. నిదానంగా చదివితే దాదాపు 10 సెకన్లు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. "ధనంజయః" అనేలోపే ఉరిమిందంటే పిడుగు మూడున్నర కిలోమీటర్ల లోపే పడింది. మూడుసార్లు చదివేలోపు ఉరిమినా పని ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావద్దు. చేను దగ్గరి గుడిసెను నమ్ముకోవద్దు. దగ్గర్లో ఇల్లే లేకపోతే చెట్లకు, కరెంటు స్తంభాలకు దూరంగా, పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు. నోట్లో ఆ పేర్లు ఆడుతూనే ఉండనివ్వండి.

పిల్లలూ, గడియారం చూడండి. మెరుపు వచ్చిందనుకుందాం. అందరం కలిసి, నిదానంగా... అర్జునః ఫల్గుణః...