శ్రీనగర్ ఆకాశంలో మన ఊరి విమానం

పెద్దలకు, బెంగళూరు తెలుగు మిత్రులకు నమస్కారం.

ఈ నాట్ యుద్ధవిమానాన్ని, 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో వీరమరణం పొందిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ స్మృతికి అంకితం చేస్తున్న ఈ వేళ, దీన్ని బాగుచేసినవారిలో ఒకడిగా ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది ఆయన నడిపిన విమానం కాదు. ఆయన విమానం 1971 డిసెంబరు 14న శ్రీనగర్ సమీపంలో కూలిపోయింది. భౌతికకాయం దొరకలేదు. దీని మీద ఆయన విమానపు నంబరు వేద్దామని కొందరు మిత్రులు అభిమానంతోనే అడిగారు గానీ, మేము ఒప్పుకోలేదు. అంతటి నిజమైన మనిషిని నిజం కాని గుర్తుతో తలచుకోవడం నాకు మనస్కరించలేదు.

నాట్ అంటే ఇంగ్లీషులో దోమలాంటి చిన్న పురుగు. రెక్కల నిడివి ఏడు మీటర్లకు లోపే. బ్రిటన్‌లో ఫోలాండ్ సంస్థ కోసం పెటర్ రూపకల్పన చేసిన ఈ విమానాన్ని, దాని ఆర్ఫియస్ ఇంజనునూ ఈ బెంగళూరులోనే తయారుచేశారు. ఇక్కడి విమాన కర్మాగారం ఉన్న విమానపురలో ఆ పని చేసినవారిలో మన రాయలసీమ నుంచి వచ్చినవారూ ఉన్నారు. గాలి లోపలికి పోయే మార్గాలకు రెండు పక్కలా ఉన్న 30 మిల్లీమీటర్ల ఫిరంగులే దీని ప్రధాన బలం. హైడ్రాలిక్ వ్యవస్థలోనూ, తోక నియంత్రణలోనూ ఇది పైలట్లను ఇబ్బంది పెట్టిన మాట కూడా దాచకూడదు. ఆ లోపాలను సరిదిద్దే ప్రయత్నంలోనే తరువాత అజీత్ విమానం వచ్చింది.

ఆ డిసెంబరు 14 ఉదయం ఆరు పాకిస్తానీ సేబర్ జెట్లు శ్రీనగర్ వైమానిక స్థావరం మీదికి వచ్చినప్పుడు, 18వ స్క్వాడ్రన్‌కు చెందిన రెండు నాట్‌లు సిద్ధంగా ఉన్నాయి. ముందు ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఘుమన్ లేచారు. ఆ విమానం రేపిన దుమ్ము వల్ల సెఖోన్ కొన్ని క్షణాలు ఆగవలసి వచ్చింది. బాంబులు పడుతున్న రన్‌వే మీద ఆ కొన్ని క్షణాలు ఎంత దీర్ఘమైనవో మనం ఊహించుకోవలసిందే. అయినా ఆయన వెనుదిరగలేదు. పైకి లేచి, అలవాటులేని ఎత్తులో, చలిలో, తనకంటే ఎన్నో రెట్లున్న శత్రువుతో తలపడ్డారు. ఒక సేబర్‌ను కొట్టారనీ, మరొకదానికి నిప్పంటించారనీ పరమవీర చక్ర ప్రశంసాపత్రం చెబుతోంది. భారత వైమానిక దళంలో ఆ పురస్కారం పొందినవారు ఇప్పటికీ ఆయనొక్కరే. నా మటుకు నాకు, ఆయన ఘనత కూల్చిన విమానాల లెక్కలో కాక, ఆ రన్‌వే మీద తీసుకున్న నిర్ణయంలో ఉంది.

పాత రంగును గరుకు కాగితంతో రుద్ది తీస్తుండగా, ఒక రేకు లోపలి వైపు తనిఖీదారులు వేసిన చిన్న గుండ్రని ముద్రలు బయటపడ్డాయి. ఒక్కొక్క రివెట్ వరుసనూ చూసి, సరిగా ఉందని ఎవరో ఒక మనిషి పూచీపడిన గుర్తులవి. పైలట్ ఆ మనిషిని ఎన్నడూ చూసి ఉండడు, కానీ అతని మాట మీదే ప్రాణం పెట్టుకుని ఎగురుతాడు. అందుకే ఆ భాగానికి రంగు వేయకుండా, పైనున్న మూతను తెరిచే ఉంచాము. పిల్లలు ఒక్కొక్కరుగా ఎడమ వైపు నుంచి వచ్చి చూడవచ్చు.