సఖి సెంటర్‌లో కౌన్సెలర్ అడగాల్సినవి, అడగకూడనివి

నమస్కారం అండి. "పిల్లల మొహం చూసైనా సర్దుకుపోమ్మా." భర్త కొడితే ఇల్లు వదిలి వచ్చిన ఆడమనిషికి కౌన్సెలింగ్ పేరుతో మన దగ్గర ఎక్కువగా దొరికేది ఈ మాటే. పెద్దమనుషులు అంటారు, పుట్టింటివాళ్లు అంటారు, ఒక్కోసారి పోలీస్ స్టేషన్‌లోనూ అంటారు. సఖి సెంటర్‌లో కౌన్సెలర్ నోటి నుంచి మాత్రం ఈ మాట రాకూడదని నేను గట్టిగా అంటాను.

సఖి అంటే వన్ స్టాప్ సెంటర్. నిర్భయ నిధితో 2015 ఏప్రిల్ 1న మొదలైన పథకం. వైద్యం, పోలీసు సాయం, లాయర్ సలహా, కౌన్సెలింగ్, తలదాచుకునే చోటు అన్నీ ఒక్కచోటే దొరకాలని పెట్టారు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. అక్కడ ఉండనిచ్చేది మామూలుగా అయిదు రోజులు. అంతకుమించి అవసరమైతే శక్తి సదన్ లాంటి హోమ్‌కి పంపుతారు.

అయిదు రోజులంటే ఎంత తక్కువో చూడండి. రాత్రి పొద్దుపోయాక ఆమె సెంటర్ ముందు ఆటో దిగుతుంది. చంకలో పిల్లాడు, చేతిలో ఒక కవరు, అందులో ఆధార్ కార్డు, పిల్లాడి బట్టలు రెండు జతలు. ఫోన్ మోగుతూనే ఉంటుంది. భర్త, అత్త, అమ్మ, మళ్లీ భర్త. ఆ టైమ్‌లో "మొదటి నుంచి జరిగిందంతా చెప్పు" అని రిజిస్టర్ తెరిస్తే ఆమెకి నోరు పెగలదు. దెబ్బలు ఎక్కడ తగిలాయి? అన్నం తిన్నారా? పిల్లాడికి పాలు కావాలా? ఇవి ముందు. తర్వాత ఫోన్. లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందా, ఆమె వాట్సాప్ ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి ఉందా, ఆమె జీమెయిల్ పాస్‌వర్డ్ అతనికి తెలుసా అన్నది చూడాలి. ఇల్లు వదిలిన తర్వాతి రోజులే ఆమె ప్రాణానికి ఎక్కువ ప్రమాదం ఉన్న రోజులు కాబట్టి ఇది చాదస్తం అనుకోకండి.

ఒక ప్రశ్న మాత్రం ఆ రాత్రే అడిగి తీరాలి. "ఎప్పుడైనా పీక నులిమాడా?" చాలామంది ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు. బయటికి గాయం కనపడకపోవచ్చు కూడా. గొంతు బొంగురుపోయినా, మింగుతుంటే నొప్పి పెట్టినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2008లో బయటికొచ్చింది. అంతకుముందు భర్తో, సహచరుడో పీక నులిమిన ఆడవాళ్లకి, తర్వాత అతని చేతిలోనే చనిపోయే ముప్పు ఏడు రెట్లకు పైగా ఉందని అందులో తేలింది. అలాంటి మనిషిని "ఈ ఒక్కసారికి వెళ్లమ్మా" అని ఎలా పంపుతాం చెప్పండి?

కాస్త తేరుకున్నాక చాలామంది అనేది ఒకటుంది. "నేనే ఎదురు మాట్లాడానండీ, అందుకే కోపం వచ్చింది." ఆశ్చర్యపోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్న ఆడవాళ్లు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం. చిన్నప్పటి నుంచి విని విని ఆమె కూడా నమ్మేసింది. దానికి లెక్చర్ ఇవ్వక్కర్లేదు. "మీరు ఏమన్నా సరే, చెయ్యెత్తే హక్కు ఆయనకి లేదు" అని నింపాదిగా చెప్పి, ఆమె ఏడిస్తే ఏడవనిస్తే చాలు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని కింద 2006లో చేసిన నియమాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. కోర్టు పంపితే జరిగే కౌన్సెలింగ్‌లో "ఆమె ఇలా చేసింది కాబట్టి కొట్టాను" అని భర్త సమర్థించుకోవడానికి వీల్లేదు. కూర్చోబెట్టే ముందే ఆ సంగతి అతనికి చెప్పాలి. మన పంచాయితీల్లో జరిగేది చూస్తే ఎంత తేడానో! అక్కడ సగం పొద్దు ఆమె తప్పులు లెక్కపెట్టడానికే సరిపోతుంది. ఇంకోటి, ఇల్లు ఆమె పేరున లేకపోయినా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఈ చట్టం ఇచ్చింది. అవసరమైతే అతన్నే బయటికి వెళ్లమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. ఈ ముక్క వినగానే చాలామంది తలెత్తి చూస్తారు, ఎందుకంటే అంతవరకు రోడ్డున పడేది తామే అనుకుని ఉంటారు.

ఇంత చేసినా కొందరు వెనక్కే వెళ్తారు. స్కూల్ ఫీజు కట్టేశారు, చేతిలో డబ్బు లేదు, చెల్లి పెళ్లి ఉంది. అప్పుడు "ఇంత చెప్పినా వినలేదు" అని కౌన్సెలర్ విసుక్కుంటే, రేపు మళ్లీ దెబ్బలు తిన్నా ఆమె ఆ గడప తొక్కదు. నిర్ణయం ఆమెదే. వెళ్లేముందు మళ్లీ ఎలా బయటపడాలో కూర్చుని అనుకోవాలి. సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం నమ్మకస్తుల ఇంట్లో పెట్టడం, పక్కింటావిడతో ఒక గుర్తు మాట అనుకోవడం, గొడవ ముదిరితే కత్తులుండే వంటింట్లోకి పోకుండా తలుపుకి దగ్గరగా ఉండటం, 181, అత్యవసర సాయానికి 112 నంబర్లు పిల్లలకి నేర్పడం.

ఆ పక్కింటివాళ్లు మీరే అయితే, ఇది కూడా తెలుసుకోండి. గృహహింస జరుగుతోందనో జరగబోతోందనో అనుమానం ఉంటే ఎవరైనా సరే ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారికి, చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పడదని చట్టం నాలుగో సెక్షన్‌లోనే రాసి ఉంది. గోడ అవతల కేకలు వినపడితే 112కి ఫోన్ చేయండి.